యాభై నాలుగు సున్నాలు

కర్నూలు,
19 జనవరి 2025

జ్యోతీ,

మీ గుండ్లమడుగు కొండ వెనక ఫోన్ మోగదని తెలిసి కూడా మూడు రోజులు ప్రయత్నించాను. చివరికి పోస్టాఫీసుకు వెళ్ళి కవర్లు కొనుక్కొచ్చాను. రాజంపేట హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని టీచరు కంటపడకుండా చీటీలు రాసుకున్న వాళ్ళం కదా, ఈ పని మనకు కొత్తేమీ కాదు.

నేనిక్కడ ఒక ఆరోగ్య పరిశోధన సంస్థలో లెక్కలు చూస్తున్నానని నీకు తెలుసు. ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చింది మీ పనే. కాన్పు విడిదులు. 2019 జూలైలో కర్నూలు, కడప కొండవార పద్నాలుగు మండలాల్లో పెట్టారు గదా, దూరపు పల్లెల గర్భిణులు నెలలు నిండే ముందు రెండు వారాలు ఆస్పత్రి పక్కనే ఉండి అక్కడే కనేలా. వాటివల్ల మేలు జరిగిందా లేదా తేల్చమన్నారు.

ఎలా తేలుస్తామో చెబుతాను, నవ్వకు. 2015 జనవరి నుంచి 2024 డిసెంబరు దాకా నూటఇరవై నెలల అంకెలు వరసగా పెట్టాను. విడిదులు రాకముందు యాభై నాలుగు, వచ్చాక అరవై ఆరు. కరోనా నెలల్ని విడిగా చూస్తున్నాను. ముందు నెలల మీదుగా ఒక గీత పోతుంది. ఏ మార్పూ రాకపోయుంటే అది ఎటు సాగేదో అటే పొడిగిస్తాం. నిజంగా జరిగింది దానికి పైనుందా, కిందుందా చూస్తాం. దీన్నే మేం రిగ్రెషన్ అంటాం. ఎండాకాలం, వానాకాలం దాని మీద ఊపిరిలా పైకీ కిందికీ కదులుతాయి. ఒక్కో నెల తన ముందు నెలను కొంచెం గుర్తుపెట్టుకుంటుంది కూడా. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ స్క్రీను మీద పడినప్పుడు, ఆ పొడిగించిన గీత తెల్లబడి సగం కనబడదు. ఎక్కడా జరగని కాలమది. దాన్ని చూస్తూ చూస్తూ టీ చల్లార్చుకుంటాను.

అసలు సంగతి. మీ ఆరోగ్య ఉపకేంద్రం అంకెలు చూశాను. విడిది రాకముందు యాభై నాలుగు నెలల్లో ఒక్క బిడ్డ కూడా చనిపోయి పుట్టలేదు. వరసగా అన్నీ సున్నాలే. అక్కడి ఏఎన్ఎం, కాన్పులు చూసే నర్సు, నా స్నేహితురాలని ఆఫీసంతా చెప్పుకున్నాను. ఎలా చేశావే? తీరిగ్గా రాయి.

నీ
ఫిరోజా


గుండ్లమడుగు,
11 ఫిబ్రవరి 2025

ఫిరోజా,

నీ కవరు చేరడానికి పదకొండు రోజులు పట్టింది. దాని మీద నా పేరు నీ చేతిరాతలో చూసి, విప్పకుండా కాసేపు ఒళ్ళోనే పెట్టుకున్నాను.

విడిది అన్నావు కాబట్టి దాని సంగతే రాస్తాను. ఇక్కడి చిన్నాస్పత్రి పక్కనే మూడు గదులు, ముందు రేకుల పంచ. ఇప్పుడు ఐదుగురున్నారు. అన్నం తిన్నాక చాపల మీద పక్కకు ఒత్తిగిలి పడుకుంటారు. ఎండకు రేకు టిక్కుటిక్కుమంటుంది. బయట ఎర్రదుమ్ము లేచి, నడిచినట్టే నడిచి పడిపోతుంది. కళ్ళు మూసుకునే ఒకరికొకరు కలలు చెప్పుకుంటారు. ఒకామెకు రోజూ నీళ్ళే కల్లోకొస్తాయట, ఏరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినట్టు. మా ఆశా కార్యకర్త గిడ్డమ్మ ప్రతి కలకూ ఒక అర్థం చెబుతుంది. నేను గోడకానుకుని వింటూ నిద్రలోకి జారిపోతాను. ఈ ఇల్లు లేని రోజుల్లో వీళ్ళెక్కడ పడుకునేవాళ్ళో, ఎలా కనేవాళ్ళో తలుచుకోవాలనిపించదు.

మామిడి పూత బాగానే నిలిచింది. మా అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

సున్నాల గురించి అడిగావు. అదృష్టం అనుకో. పాత రిజిస్టర్లు నా దగ్గర లేవు, మండలంలో అడుగు.

శివజ్యోతి


కర్నూలు,
4 మార్చి 2025

జ్యోతీ,

ఉపవాసాలు మొదలై మూడో రోజు. తుంగభద్రలో నీళ్ళు సన్నగిల్లి బండలు తేలాయి. సాయంత్రం అటు నడిచి వస్తుంటాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసేదానివి, ఈసారి ఒకటిన్నరే. కింద పూర్తి పేరు పెట్టావు.

గీత తేలింది. విడిదులు రాకముందు వెయ్యి కాన్పులకు పదకొండు మంది బిడ్డలు చనిపోయి పుట్టేవాళ్ళు. 2019 జూలై నుంచి ఒక్కసారిగా పద్దెనిమిదికి ఎగిరింది. గీత మెట్టెక్కినట్టు ఎక్కింది. విడిదుల వల్లే ఇలా అయిందని, అవి అనవసరమని, మూసేద్దామని రాజధానిలో కమిటీ అనుకుంటోంది. ఆగస్టులో నిర్ణయం.

ఇంకొకటి. అదే యాభై నాలుగు నెలల్లో మీ దగ్గర మూడువందల డెబ్బై ఎనిమిది కాన్పులు జరిగాయి. పెద్దాస్పత్రుల్లో నమోదైన తీరుతో పోల్చి చూస్తే ఎనిమిది తొమ్మిది మంది బిడ్డలన్నా పోయి ఉండాలి. ఒక్కరూ పోకుండా ఉండడం సాధ్యమా అని లెక్కేశాను. మీ ఊరు ఐదువేల సార్లు మొదటినుంచి మళ్ళీ బతికితే, అందులో ఒక్కసారి అలా జరగొచ్చు. నీది ఆ ఒక్క ఊరే అయితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు.

కాకపోతే చెప్పు. నిన్ను నిలదీయడానికి అడగడం లేదు.

ఫిరోజా


గుండ్లమడుగు,
28 ఏప్రిల్ 2025

ఫిరోజా,

రెండు నెలలు రాయలేదు. మొదలుపెట్టి చింపేసినవి ఐదో ఆరో.

మాది ఆ ఒక్క ఊరు కాదు. ఆ సున్నాలు నేను వేసినవి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బిడ్డ చనిపోయి పుడితే నిజమే రాశాను. నెలాఖరు మీటింగులో నన్ను నిలబెట్టి, ఎందుకు జరిగింది, నువ్వేం చేస్తున్నావు అని అందరి ముందూ అడిగారు. మా సూపర్‌వైజరమ్మ, ఇప్పుడు రిటైరైపోయింది, నన్ను బయటికి తీసుకెళ్ళి టీ ఇప్పించింది. అరవలేదు. నా భుజం మీద చెయ్యేసి, "ఊపిరే తీసుకోనిది లెక్కలోకి యాడొస్తాది శివజ్యోతీ? రాస్తే ఆ తల్లికి ఒరిగేదేమీ లేదు, నీకు మాత్రం తంటా" అంది. ఆ మాటలో దయే ఉందనిపించింది నాకు. ఆ నెల పేజీ మళ్ళీ రాశాను. తర్వాత ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంట్లో పుట్టి ఇంట్లోనే పోయిన బిడ్డను చూసిన వాళ్ళెవరు? మంత్రసాని, నేను, ఆ ఇంటివాళ్ళు.

విడిది వచ్చాక కాన్పు ఆస్పత్రిలో. డాక్టరు సంతకం పెట్టాలి, పోయిన ప్రతి బిడ్డకూ వేరే ఫారం నింపాలి. దాచడానికి చోటు లేదు. నీ గీత జూలైలో ఎందుకు ఎగిరిందో అర్థమైందా? అంతకుముందు కనబడనివి అప్పుడు కనబడ్డాయి.

మహాదేవమ్మ అని ఒకామె ఉంది. కొండ కిందిపల్లె. 2018లో ఆమెకు మొదటి కాన్పు. నేను వెళ్ళేసరికే ఆలస్యమైంది. బిడ్డను కొత్త తువ్వాల్లో చుట్టి వాళ్ళాయన ఈరప్ప చేను గట్టుకు తీసుకెళ్ళాడు. ఆమె గోడకు తిరిగి పడుకుని, నా కొంగు మాత్రం వదల్లేదు. నేను సబ్‌సెంటర్‌కు తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, సున్నా వేశాను. సున్నా వేయడానికి ఎంతసేపు పడుతుంది?

ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో ఎవరో నా కొంగు పట్టుకున్నట్టు ఉంటుంది. మెలకువ వస్తే ఏమీ ఉండదు, రేకు చప్పుడు తప్ప.

ఈ ఉత్తరం ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఆ ఇల్లు మాత్రం మూయనీయకు.

జ్యోతి


కర్నూలు,
8 మే 2025

జ్యోతీ,

నీ ఉత్తరం చదివి మేడ మీదికి వెళ్ళి ఎండలో నిలబడ్డాను. నా వంతు కూడా చెప్పాలి.

ఫిబ్రవరిలోనే, గీత తేలగానే, మొదటి నివేదిక పంపేశాను. "విడిదులు ప్రారంభమైన తర్వాత మృతశిశు జననాలు గణనీయంగా పెరిగాయి" అన్న వాక్యం నాది, కింద సంతకం నాది. మార్చిలో కమిటీ అనుకుంటోందని నీకు రాశాను గానీ, వాళ్ళలా అనుకోవడానికి కారణం నా వాక్యమేనని రాయలేదు. గీత ఎగరగానే, ఎగిరింది జరగడమా, రాయడమా అని మొదట అడగాల్సింది నేను. అది నా చదువులో మొదటి పాఠం. గీత అందంగా వచ్చింది, అంచనాలన్నీ కుదిరాయి, అడగడం మానేశాను. నువ్వు భయపడి దాచావు. నేను మురిసిపోయి చూడలేదు.

నీ పేరెత్తకుండా మా డైరెక్టరుతో మాట్లాడాను. ఆయన కోప్పడలేదు. "ప్రభుత్వమిచ్చిన అంకెలు తప్పని మనం అనగలమా? ఒక్క నర్సు మాట మీద?" అన్నారు. ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. మీ ఒక్క కేంద్రం సరిదిద్దితే పద్నాలుగు మండలాల గీత కదలదు.

అందుకని అడుగుతున్నాను. ఇల్లిల్లూ తిరిగి ఆ తల్లుల్ని అడగగలవా? ఎవరికి, ఏ నెలలో. తేదీలు అక్కర్లేదు, నెల చాలు. ఇంకో నలుగురైదుగురు ఏఎన్ఎంలు తమ పల్లెల్లో ఇదే చేస్తే, ఆ కేంద్రాల వరకు కొత్త గీత వేయగలను. నెల గుర్తులేనివాళ్ళను ఏం గుర్తుందో అది చెప్పమను, మిగతాది నేను చూసుకుంటాను.

ఆలోచించుకుని జవాబివ్వు. ఇది బయటికొస్తే నీకు మెమో వస్తుంది. ఉద్యోగమే పోవచ్చు. వద్దంటే నీ ఉత్తరం ఎవరికీ చూపించను, వేరే దారి వెతుక్కుంటాను.

ఫిరోజా


గుండ్లమడుగు,
30 జూన్ 2025

ఫిరోజా,

ఐదు వారాలు తిరిగాను, గిడ్డమ్మ నా వెంట. పొద్దున్నే బయల్దేరి ఎండ ముదిరేలోగా రెండు పల్లెలు. తలుపు దగ్గర నిలబడి ఎలా మొదలుపెట్టాలో మొదటి వారం తెలియలేదు. గిడ్డమ్మే నేర్పింది. నేరుగా అడగకుండా నీళ్ళడిగి, కూర్చుని, "ఆ యేడు నీకు మేం రాయకుండా పోయినాం, ఇప్పుడు రాసుకోను వచ్చినాం" అనేది. తర్వాత వాళ్ళే చెప్పారు.

తిడతారనుకున్నాను. ఇద్దరు తిట్టారు. ఒకామె తలుపేసుకుంది, మూడు రోజుల తర్వాత తానే విడిదికి వచ్చి పంచలో కూర్చుంది. మిగతా అందరూ ఎన్నాళ్ళనుంచో ఎవరన్నా అడుగుతారని కాచుకున్నట్టే చెప్పారు. బిడ్డ జుట్టు ఎలా ఉండేదో, ఎవరి ముక్కు వచ్చిందో కూడా. నీ ఫారంలో వాటికి గడి లేదు. నేను మార్జిన్లో రాశాను.

నెలలు మాత్రం ఎవరికీ లేవు. శెనక్కాయలు పెరికేటప్పుడే పీర్లొచ్చిన యేడని ఒకరు, రాళ్ళవాన పడి మామిడి రాలిపోయిన వారమని ఒకరు, పెద్దోడిని బళ్ళో వేసిన యేడు పీర్లు అగ్గిగుండం తొక్కిన రెండోనాడని ఒకరు. ఉన్నవి ఉన్నట్టు రాసి పంపుతున్నాను. మొత్తం పదకొండు.

మహాదేవమ్మ దగ్గరికి చివర వెళ్ళాను, ధైర్యం చాలక. ఆమెకిప్పుడు ఆరో నెల. ఏడేళ్ళ తర్వాత నిలిచిన కడుపు. పీర్లను మడుగులో కలిపిన మర్నాడని చెప్పింది, ఆ యేడు వాన లేక శెనక్కాయ చేలోనే మాడిపోయిందని. నేను సున్నా వేసిన సంగతి చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ విన్నది. తర్వాత అడిగింది, "ఆ ఇల్లు మూసేస్తాండారంట గదమ్మా, నిజమేనా? నేను యాడికి పోవల్ల?"

తోటి ఏఎన్ఎంలు పదముగ్గురిని అడిగాను. ఎనిమిది మంది మాకెందుకన్నారు. వాళ్ళను తప్పుపట్టను. ఐదుగురు ఒప్పుకుని తిరిగారు, వాళ్ళ కాగితాలూ ఇందులోనే ఉన్నాయి. వాళ్ళ పేర్లు రాయకు. నా పేరు కావాలంటే రాసుకో.

మా ఊళ్ళో పీర్లను నిలబెట్టారు. డప్పుల చప్పుడు గాలికి దగ్గరికొచ్చి దూరమవుతోంది, కొండే ఊపిరి తీస్తున్నట్టు.

జ్యోతి


కర్నూలు,
14 ఆగస్టు 2025

జ్యోతీ,

నీ కట్ట చేరిన రోజున, పండుగల లెక్క చెప్పడానికి మా అమ్మీని పక్కన కూర్చోబెట్టుకున్నాను. పీర్ల పండుగ, అదే మొహర్రం, చంద్రుణ్ణి బట్టి వస్తుంది గనుక ప్రతి యేడూ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా, అందుకే అది యేడును పట్టిస్తుంది. శెనక్కాయలు పెరికే రోజుల్లో పీర్లు వచ్చాయంటే 2016 అక్టోబరు. మహాదేవమ్మ చెప్పిన కరువు యేడు 2018, ఆ యేడు పీర్లు సెప్టెంబరు ఇరవై ఒకటి. రాళ్ళవానకు పాత వాతావరణ రికార్డులు తీశాను. పెద్దోడి బడికి హాజరుపట్టీ అడిగించాను. ఆరు కేంద్రాల్లో డెబ్బై నాలుగు మంది బిడ్డలకు నెలలు దొరికాయి. ఇద్దరికి దొరకలేదు. వాళ్ళను ఏ నెలలో వేసినా ఫలితం మారదని చూసుకుని, ఆ మాటే రాశాను.

ఆరు కేంద్రాలకూ గీత మళ్ళీ వేశాను. విడిదులు రాకముందు వెయ్యికి ఇరవై తొమ్మిది. తర్వాత పంతొమ్మిది, అది కూడా ఏటికేడు తగ్గుతూ. జూలైలో ఎగిరిన మెట్టు ఇప్పుడు దిగే మెట్టయింది. అప్పుడూ ఇప్పుడూ ఒకేలా నమోదు చేసిన పెద్దాస్పత్రుల్లో మాత్రం ఏ మెట్టూ లేదు, అంటే తేడా వచ్చింది విడిదులున్న చోటే. జ్ఞాపకం మీద వేసిన లెక్క గనుక కొంత తేడా ఉండొచ్చు, ఒకరిద్దరు తల్లులు చెప్పకపోయి ఉండొచ్చు. అప్పుడు ముందటి అంకె ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు.

పోయిన సోమవారం కమిటీ ముందు నేనే నిలబడ్డాను. నా మొదటి వాక్యం చదివి, అది తప్పని, నేనే రాశానని చెప్పాను. ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి, "మీరు చెప్పేది, పల్లెటూరి ఆడవాళ్ళు పీర్ల పండుగతో చెప్పిన లెక్క, మా పదేళ్ళ రిజిస్టర్లకంటే నమ్మదగిందనా?" అని అడిగారు. అవునన్నాను. వివరించడానికి గంటన్నర పట్టింది.

విడిదులు మూయడం లేదు, జ్యోతీ. రెండేళ్ళు కొనసాగించి, నమోదు సరిచేసి, మళ్ళీ లెక్క చూస్తారట.

నమోదు మీద విచారణ కూడా వేశారు. నీ పేరు నేను రాయలేదు. అయినా ఆరు కేంద్రాల జాబితా వాళ్ళ దగ్గరుంది. నా కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుంది. పొడిగిస్తామని గానీ పొడిగించమని గానీ ఎవరూ అనడం లేదు.

మీ ఒక్క కేంద్రం గీతను విడిగా అచ్చువేసి ఇందులో పెడుతున్నాను. ఒక్కో చుక్క ఒక్కో నెల.

ఫిరోజా


గుండ్లమడుగు,
26 అక్టోబరు 2025

ఫిరోజా,

నీ కాంట్రాక్టు ఇంకో యేడాది పొడిగించారని మీ అమ్మీ ఫోనులో చెప్పిందట రాజంపేటలో ఉన్న మా అమ్మకు. నువ్వు నాకు రాయకపోయినా సరే.

నా సంగతి. విచారణకు ఇద్దరొచ్చారు. నన్ను అడక్కముందే, రాసింది నేనేనని చెప్పాను. ఎవరు రాయమన్నారని అడిగారు. రిటైరైన మనిషి పేరు చెప్పబుద్ధి కాలేదు, చెయ్యి నాదే గదా అన్నాను. నలభై రోజులు సస్పెండు చేశారు. ఇంట్లో కూర్చున్నాను. మొదట్లో పొద్దున్నే లేచి చీర కట్టుకుని, ఎక్కడికీ పోయేది లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేదాన్ని. తర్వాత నిద్ర పట్టింది. కొంగు పట్టుకునే చెయ్యి రాని నిద్ర, ఎన్నో యేళ్ళ తర్వాత. నా చోటికి రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు, కొండవార గదా. అందుకని ఒక హెచ్చరిక కాగితమిచ్చి నన్నే మళ్ళీ ఇక్కడికి పంపారు. మిగతా ఐదుగురికి సంజాయిషీతో పోయింది.

నేను తిరిగొచ్చేసరికి మహాదేవమ్మ విడిదిలో ఉంది. పన్నెండు రోజులుగా అదే చాప, కిటికీ వైపు. నాకేసి చూసి జరిగి చోటిచ్చింది. మధ్యాహ్నాలు ఇద్దరం గోడకానుకుని కూర్చునేవాళ్ళం. మబ్బు పట్టేది, చినుకు పడేది కాదు. నాలుగో రోజు నువ్వు పంపిన చుక్కల కాగితం చూపించాను. చదువు రాదు ఆమెకు. ఏ చుక్క అని అడిగింది. వేలు పట్టుకుని పెట్టాను. ఆ నెలేందో పైకి చదవమంది. సెప్టెంబరు రెండువేల పద్దెనిమిది అన్నాను. తనూ రెండుసార్లు అనుకుంది, నోట్లో ఏదో రుచి చూస్తున్నట్టు.

"పేరు పెట్టకపోతిమి," అంది. "నెలన్నా ఉండాది."

మొన్న పందొమ్మిదో తేదీ తెల్లారి కాన్పయింది. బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరమ్మ ముందే కనిపెట్టి అంబులెన్సు పిలిపించి రాజంపేట పంపింది. నేను వెంట వెళ్ళాను. ఇంటి దగ్గరై ఉంటే ఏమయ్యేదో నీకు చెప్పనక్కర్లేదు. ఆడబిడ్డ, రెండు కిలోల తొమ్మిదివందలు. పుట్టిన నిమిషానికే గది దద్దరిల్లేలా ఏడ్చింది. ఈరప్ప వరండాలో గోడకు నుదురానించి నిలబడిపోయాడు, పిలిస్తే తిరగలేదు.

మూడో రోజు వెనక్కి తీసుకొచ్చాక, కొత్త రిజిస్టరు తెరిచి ఆమె పక్కన కూర్చున్నాను. సస్పెన్షను తర్వాత నా మొదటి నమోదు. తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, బిడ్డ బరువు రాశాను. తర్వాతి గడి, ఎన్నో కాన్పు. పెన్ను ఆగింది. ఇన్నాళ్ళూ మా పుస్తకాల ప్రకారం ఆమెకిది మొదటిదే.

బిడ్డను రొమ్ముకు సర్దుకుంటూ, నేను అడగకముందే ఆమె చెప్పింది, "రెండోది అని రాయమ్మా."

రాశాను, ఫిరోజా.

నీ
జ్యోతి